మేం బారాటాంగ్ పోలేదు

మేం ఐదుగురం కల్లూరులో ఉంటాం. అందరం బడిపంతుళ్ళమే. ముగ్గురం ఎరుకలవాళ్ళం, ఒకామె సుగాలి, ఒకాయన చెంచు. ఆయనది ఆత్మకూరు అవతల నల్లమల అంచున ఉన్న గూడెం. పొద్దున ఎవరి బడికి వాళ్ళం పోతాం, సాయంత్రం ఒకే టీ అంగడి దగ్గర కలుస్తాం. మా బడి పిల్లలకు సముద్రం తెలీదు. మాకూ పెద్దగా తెలీదు. మాకు తెలిసిన నీళ్ళు హంద్రీ, తుంగభద్ర, కె.సి. కాలువ. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్ళోకి వచ్చినప్పుడు తప్ప, నీళ్ళు ఎక్కువైనాయి అన్న మాట మా నోట రాలేదు.

రెండేళ్ళు చీటీ కట్టుకుని, పోయిన సంక్రాంతి సెలవుల్లో అండమాన్ పోయొచ్చాం. ఎందుకు అండమానే అని ఇంట్లో అందరూ అడిగారు. పాఠంలో రంప తిరుగుబాటు వచ్చినప్పుడల్లా "దొరికినవాళ్ళను అండమాన్ పంపారు" అని చెప్పి మేం పక్కకు పోతుంటాం. ఆ పంపిన చోటు ఎట్లుంటుందో ఒకసారి చూడాలని మాలో ఒకరికి పట్టింది. మిగతావాళ్ళకు సముద్రం చూడాలని ఉండింది. రెండూ కలిశాయి.

చెన్నై దాకా రైలు, అక్కడినుంచి విమానం. చెన్నై స్టేషనులో ఒక సంగతి జరిగింది. నీళ్ళ బాటిళ్ళమ్మే ముసలామె పక్కనామెతో మాట్లాడుతుంటే మా ముగ్గురు ఎరుకలవాళ్ళకు సగం అర్థమైంది. మా అవ్వలు ఇంట్లో మాట్లాడిన కుర్రు భాష తమిళానికి దగ్గర. మాకు ఆ భాష వినడం వచ్చు, మాట్లాడడం రాదు. మా పిల్లలకు వినడమూ రాదు. ఈ సంగతి తర్వాత మళ్ళీ గుర్తొచ్చింది, అందుకే ముందుగా చెప్తున్నాం.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురం అయింది కానీ అక్కడ అందరూ పాత పేరే అంటున్నారు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకు కొదవలేదు. మమ్మల్ని తిప్పిన ఆటోఆయన శ్రీకాకుళం మనిషి. తిరుగుడంతా కుదిర్చిన ఏజెంటు కూడా తెలుగే మాట్లాడాడు. మొదటి రోజు అక్వేరియం, సెల్యులార్ జైలు. రెండో రోజు బారాటాంగ్, సున్నపురాయి గుహలు. రెండో రోజుకు తలా రెండు వేలు ముందే కట్టాం. డబ్బు తీసుకుంటూ ఏజెంటు గొంతు తగ్గించి అన్నాడు: "దారి అడవిలోంచే సార్. అదృష్టం ఉంటే జారవాలు కనపడతారు. ఫోటోలు మాత్రం తియ్యకండి."

మాలో ఇద్దరు సంబరపడ్డాం. ఆ మాట దాచడం లేదు.

పొద్దున తొమ్మిదిన్నరకు అక్వేరియం. అబెర్డీన్ వైపు సముద్రపు ఒడ్డున, చేపల శాఖవాళ్ళది. పెద్ద భవనమేం కాదు. లోపల మసక వెలుతురు, గోడ పొడుగునా అద్దాల తొట్లు. మేం చేపలు చూసింది ఎండాకాలంలో చెరువు ఇంకేటప్పుడు. మోకాలు లోతు బురదలో ఊరంతా దిగి బుట్టలతో పట్టేవాళ్ళం. మా ఇంటి ఈతబుట్టలకు ఆ నాలుగు రోజులు గిరాకీ. కొరమీను, జెల్ల తప్ప పెద్దగా పేర్లు తెలీవు. ఇక్కడ ఒక్కో తొట్టిలో ఒక్కో రంగు. ఒళ్ళంతా ఈకల్లాంటి ముళ్ళు విప్పుకుని లయన్ ఫిష్ నిలబడి ఉంది. ఆ ముళ్ళల్లో విషం. ఇంకో తొట్టిలో సీ అనిమోన్ అనే జీవి. పువ్వులాగా ఉంటుంది కానీ దాని వేళ్ళు తగిలితే చిన్న చేపలు చచ్చిపోతాయి. నారింజరంగు క్లౌన్ ఫిష్ ఒక్కటి మాత్రం ఆ వేళ్ళ మధ్యే కాపురం చేస్తుంది. దాని ఒంటిమీది జిగురు దాన్ని కాపాడుతుంది. చేప శత్రువులను ఇది రానివ్వదు, చేపను అది కుట్టదు. తరగతిలో చెప్పడానికి పనికొస్తుందని రాసుకున్నాం.

పగడాలు రాళ్ళనుకునేవాళ్ళం. అవి బతికున్న చిన్న ప్రాణుల గుంపు కట్టుకున్న ఇళ్ళని అక్కడ తెలిసింది. వేల ఏండ్ల కాపురం అది. సముద్రపు నీళ్ళు ఎక్కువ వేడెక్కితే రంగు పోయి తెల్లబడతాయి. ఆ వేడి తగ్గకపోతే చస్తాయి.

ఒక చిన్నపిల్లోడు అద్దంమీద చేత్తో గట్టిగా కొట్టాడు. చేప ఉలిక్కిపడి మూలకు పోయింది. వాళ్ళ నాయన నవ్వుతూ ఇంకోసారి కొట్టమన్నాడు. "కదలకపోతే మజా ఏముంది" అన్నట్టుంది ఆ నవ్వు. మా సుగాలి అక్క ఆ పిల్లోని చెయ్యి మెల్లగా పట్టుకుని తీసింది. భాష రాదు కాబట్టి తన చెవి మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. పిల్లోనికి అర్థమైంది. నాయనకు కోపమొచ్చింది.

చివర్లో గాజు సీసాల వరస. మందు నీళ్ళల్లో ఊరబెట్టిన చేపలు, పీతలు, పాములు. ఒక్కోదానికి అంటించిన కాగితం మీద పేరు, జాతి. ఆ సీసాల ముందు మా చెంచు మిత్రుడు చాలాసేపు నిలబడ్డాడు. "ఏమన్నా, అట్లనే నిలబడితివి?" అని అడిగితే, "మన గురించి కూడా ఇట్లనే రాసినారు కదా" అన్నాడు. ఎడ్గార్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. కొలతబద్దలు పట్టుకుని జనం తలలు, ముక్కులు కొలిచినాయన. 1909లో దక్షిణాది కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. మా ఎరుకలవాళ్ళూ ఉన్నారు అందులో, చెంచులూ ఉన్నారు. అండమాన్‌లో పోర్ట్‌మన్ అనే అధికారి ఇదే పని కెమెరాతో, కొలతలతో చేశాడు. అప్పటి ఫోటోలు ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ఫోటోల్లోని మనుషుల తెగల్లో చాలా భాగం భద్రంగా లేవు.

బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే వాటర్ స్పోర్ట్స్ ఆవరణ. జనం పడవలెక్కడానికి టికెట్ల వరసలో ఉన్నారు. ఆ పక్కనే ఒక స్మారకం. దాని దగ్గర ఎవరూ లేరు. అది 1859 మే 17న జరిగిన అబెర్డీన్ యుద్ధానిది.

అంతకు ఏడాది ముందు, 1858 మార్చిలో, ఇంగ్లీషువాళ్ళు 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగారు. 1857 తిరుగుబాటు అణిగిన తర్వాత శిక్ష పడినవాళ్ళను ఉంచడానికి దీవులు కావాల్సి వచ్చాయి. ఖైదీల చేత అడవి కొట్టించారు. ఆ అడవి గ్రేట్ అండమానీలది. వాళ్ళు విల్లంబులతో తిరగబడ్డారు. ఆ దాడి సంగతి ముందుగానే చేరవేసింది దూధ్‌నాథ్ తివారి అనే ఖైదీ. ఖైదు నుంచి పారిపోయి, అడవిలో ఆ తెగవాళ్ళకు దొరికి, వాళ్ళ దగ్గరే ఏడాది బతికాడు. వాళ్ళ ఆడబిడ్డను పెళ్ళి చేసుకున్నాడు. చివరికి వాళ్ళు దాడికి సిద్ధమవుతున్నారని వచ్చి చెప్పేశాడు. ఆయనకు శిక్ష మాఫీ అయింది. తుపాకుల ముందు బాణాలు నిలవలేదు.

అప్పట్లో గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్ళు. తర్వాత పట్టుకొచ్చి ఇళ్ళల్లో పెట్టి "నాగరికత" నేర్పబోయారు. జబ్బులు అంటుకున్నాయి. ఇప్పుడు వాళ్ళ లెక్క పదుల్లో ఉంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ అనే ముసలమ్మ. 2010 జనవరిలో పోయింది. చివరి ఏండ్లలో ఆ భాషలో మాట్లాడదామంటే ఆమెకు తోడు మనిషి లేడు. చెన్నై స్టేషనులోని ముసలామె మాకు అప్పుడు గుర్తొచ్చింది. మా కుర్రు భాషకు ఇంకా మనుషులున్నారు. మేమే మాట్లాడడం లేదు.

మధ్యాహ్నం అన్నం తిని జైలుకు పోయాం. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు. నడుమ ఒక గోపురం, దానినుంచి బండిచక్రం ఆకుల్లాగా ఏడు వరసలు, ఒక్కో వరస మూడంతస్తులు. మొత్తం దాదాపు 700 గదులు. ఒక్కో గదిలో ఒక్కరే. అందుకే సెల్యులార్ అన్న పేరు. ఇప్పుడు మిగిలింది మూడు వరసలే. కూల్చినచోట ఆసుపత్రి వచ్చింది. 1979లో జైలును జాతీయ స్మారకంగా ప్రకటించారు.

గది పొడవు 13.5 అడుగులు, వెడల్పు 7.5 అడుగులు. గాలి వచ్చే సందు తలకు అందనంత పైన. ఒక వరస ముఖం ఇంకో వరస వీపును చూస్తుంది. అంటే ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడదు. గోపురం మీద నిలబడినవానికి మాత్రం అన్ని వరసలూ కనపడతాయి. తలుపు గడియ గోడలోపలికి మలిచి ఉంటుంది. లోపలినుంచి ఎంత చెయ్యి చాచినా అందదు. మేం ఒక్కొక్కరం లోపలికి పోయి ఆ గడియ కోసం చెయ్యి చాచి చూశాం. అందలేదు. కింద గానుగ బొమ్మ పెట్టారు. మనిషిని ఎద్దులాగా కట్టి కొబ్బరినూనె తీయించేవాళ్ళు. రోజుకు 30 పౌండ్లు రావాలి. ఉరికొయ్య మీద ఒకేసారి ముగ్గురిని తీసే ఏర్పాటు ఉంది.

గైడు చాలామంది పేర్లు చెప్పాడు. బెంగాల్, పంజాబ్, మహారాష్ట్ర. 1933 నిరాహారదీక్షలో చనిపోయిన మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నమదాస్‌ల గురించి చెప్పాడు. మన్యం మాట రాలేదు. ఆయన తప్పు కాదు, ఇరవై నిమిషాల్లో ఎంతని చెప్తాడు. గైడు ముందుకు పోయినాక మా సుగాలి అక్క ఒక గది గుమ్మం దగ్గర ఆగి, తరగతిలో చెప్పినట్టే మాకు చెప్పింది:

"1882 అడవి చట్టం వచ్చి పోడు కొట్టుకోనియ్యలేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పనికి మన్యం జనాన్ని తోలి సరిగా కూలీ ఇయ్యలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడినారు. అల్లూరి సీతారామరాజును అందరూ ఎరుగుదురు. ఆయన పక్కన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు. 1924లో గంటందొర కాల్పుల్లో పోయినాడు. మల్లుదొరకు శిక్ష పడి ఈడికి వచ్చినాడు. తిరిగి బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు పోయినాడు."

ఆమె ఆపేసరికి మా వెనకాల ఇంకో నలుగురు నిలబడి వింటున్నారు. విజయనగరంవాళ్ళట. "ఈయన ఎంపీ అయ్యాడా అండీ?" అని అడిగారు. ఈ గదుల్లోంచి పార్లమెంటు దాకా పోయిన ఆదివాసీ ఉన్నాడని పాఠంలో ఎందుకు రాయలేదని అడిగారు. మేం పంతుళ్ళం. మా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి మా ముగ్గురు ఎరుకలవాళ్ళను అక్కడ కూర్చోబెట్టింది. 1926 ప్రాంతంలో ఉత్తరప్రదేశ్ వైపు నుంచి భంతు అనే తెగను సాల్వేషన్ ఆర్మీ చేత ఈ దీవులకు తీసుకొచ్చి దించారు. వాళ్ళ తెగ నేరస్థ తెగల జాబితాలో ఉంది. మనుషులు ఏం చేశారో చూడకుండా, పుట్టుకనే నేరంగా రాసిన 1871 చట్టం అది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో మా ఎరుకలవాళ్ళను పెట్టి కాపలా కాసింది కూడా అదే సాల్వేషన్ ఆర్మీ. మా కర్నూలు జిల్లాలో సిద్ధాపురం సెటిల్‌మెంటు ఉండేది.

అంతకుముందు మావాళ్ళు ఏం చేసేవాళ్ళు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చి ఊరూరా ధాన్యానికి మార్చేవాళ్ళు. ఉప్పు మీద పన్ను పెరిగింది, రైలు వచ్చింది, ఉప్పు బేరం పోయింది. బేరం లేకుండా తిరిగేవాణ్ణి దొంగ అన్నారు. మాలో ఒకరి ముత్తాత రోజూ రాత్రి చావడిలో హాజరు వేయించుకుని పడుకునేవాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. ఒకరాత్రి కాన్పు నొప్పులతో ఉన్న భార్యను వదిలి హాజరుకు పోయినాడట. తిరిగొచ్చేసరికి బిడ్డ పుట్టింది. ఆ బిడ్డే మా అవ్వ. ఆమె ఈ కథ ఎప్పుడు చెప్పినా ఏడ్చేది కాదు, నవ్వేది. "నేను పుట్టినప్పుడు మా నాయన సర్కారు దగ్గర ఉన్నాడు" అనేది, ఏదో ఉద్యోగం చేసినట్టు.

సెల్యులార్ జైలుకు గోడలున్నాయి. మా ముత్తాత జైలుకు గోడల్లేవు. అంతే తేడా. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. చట్టం పోయింది కానీ మాట పోలేదు. కల్లూరులో బాడుగ ఇల్లు వెతికేటప్పుడు "మీరేమిటోళ్ళు?" అని అడిగినవాళ్ళకు నిజం చెప్తే రెండిళ్ళు అప్పటికప్పుడు "చుట్టాలకు ఇచ్చేసినాం" అయ్యాయి. మూడో ఇంటి దగ్గర మాలో ఒకరు అబద్ధం చెప్పి చేరాడు. ఇప్పటికీ అదే ఇల్లు.

సాయంత్రం అక్కడే లైట్ అండ్ సౌండ్ చూసి బయటికొచ్చాం. ఏజెంటు ఫోన్ చేశాడు. "తెల్లారి మూడున్నరకు బండి వస్తుంది సార్, కాన్వాయ్‌లో ముందు ఉండాలి."

అప్పుడు మా చెంచు మిత్రుడు అన్నాడు: "నేను రాను. మీరు పోయిరండి."

ఎందుకని అడిగాం. మొదట చెప్పలేదు. టీ తాగినాక చెప్పాడు. "మా గూడెం రోడ్డు పక్కనే. శ్రీశైలం పొయ్యే కార్లు ఆపేవాళ్ళు. మేం పిల్లోళ్ళం, గోచీలతో ఉండేవాళ్ళం. కిటికీలోంచి బిస్కెట్లు ఇసిరేసి, మేం ఏరుకుంటుంటే ఫోటోలు తీసేవాళ్ళు. ఒకాయన ఇల్లు పట్టుకుని నిలబడమన్నాడు, మా నాయన విల్లు. నాకు అప్పుడు సిగ్గనిపియ్యలేదు, బిస్కెట్ బాగుండింది. టీచర్ ట్రైనింగ్‌కు పోయినాక, ఎవరో చూపించిన పుస్తకంలో అట్లాంటి ఫోటో చూసినాను. ఆ రోజు రాత్రి అన్నం తినలేకపోయినాను."

మాలో ఒకరు వాదన పెట్టుకున్నారు. "మనం బిస్కెట్లు వేయం, ఫోటోలు తీయం. దారిలో పోతాం, అంతే. మనమూ గిరిజనులమే కదా, తప్పేముంది?"

"చేపకు ఏం తెల్సు, అద్దం అవతల ఉన్నోడు ఏ కులమో?" అన్నాడాయన.

ఆ మాటకు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఎవరికి తెలిసింది వాళ్ళం చెప్పుకున్నాం. జారవాలు కొన్ని వందల మందే. 1997 తర్వాతే వాళ్ళు బయటివాళ్ళ దగ్గరికి స్నేహంగా రావడం మొదలైంది. 1999లో తట్టు సోకి చాలామంది మంచానపడ్డారు. వాళ్ళ అడవి నడుమ వేసిన రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. 2012లో తిండి ఆశపెట్టి జారవా ఆడవాళ్ళ చేత డాన్సు చేయించిన వీడియో బయటపడి దేశమంతా గొడవైంది. బండ్లు ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు అన్న నియమాలున్నాయి. నియమాలున్నా, మా ఏజెంటు నోట వచ్చిన మొదటి మాట గుహల గురించి కాదు. "అదృష్టం ఉంటే కనపడతారు." మేం కట్టిన రెండు వేలల్లో ఆ అదృష్టం ఖరీదు కూడా ఉంది.

రాత్రి పదిన్నరకు రాము అని ఫోన్ చేశాం. డబ్బు వెనక్కి రాదన్నాడు. రాలేదు. మాలో ఒకరికి ఆ గుహలు చూడలేదన్న బాధ ఇంకా ఉంది. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాం. అక్కడివాళ్ళు రోజూ అదే దారిన ఆసుపత్రికి, బజారుకు పోతారు. వాళ్ళకు ఇంకో దారి సులభం కాదు. మాకు మాత్రం పోకుంటే పోయేదేమీ లేదు. రోజూ వందల మంది పోయే దారిలో ఐదుగురు పోకపోతే ఏం మారుతుందని ఆటోఆయన అడిగాడు. ఆ దారిలో ఏమీ మారదు. మా తరగతిలో మారుతుందనుకున్నాం.

మరుసటి రోజు చాథం రంపపు మిల్లు చూశాం. 1883 నుంచి నడుస్తోంది. ఆ దీవుల చెట్లు ఎంత లావుండేవో అక్కడ దుంగలు చూస్తే తెలుస్తుంది. తర్వాత పొద్దు పోయేదాకా సముద్రం ఒడ్డున కూర్చున్నాం. చేపలు పట్టేవాళ్ళు వల లాగుతుంటే మేం కూడా ఒక చెయ్యి వేశాం. వాళ్ళు నాలుగు చేపలిచ్చారు. పేరు తెలీదు, రుచి బాగుంది.

సెలవులైనాక బడి తెరిచారు. పిల్లలకు ఫోన్‌లో క్లౌన్ ఫిష్ చూపించాం, జైలు చూపించాం. నేలమీద సుద్దముక్కతో 13.5 అడుగులు, 7.5 అడుగులు గీసి ఒక్కొక్కరిని లోపల నిలబెట్టాం. ఒక పిల్ల అడిగింది: "సార్, అక్కడ అడవి మనుషులను చూసినారా?"

"చూళ్ళేదు. అవకాశం ఉన్నా పోలేదు" అన్నాం.

"ఎందుకు సార్?"

మా చెంచు మిత్రుడు ఆ రోజు మా బడికి వచ్చి ఉన్నాడు. "నువ్వు అన్నం తింటుంటే ఎవురో వచ్చి కిటికీలోంచి చూస్తే ఎట్లుంటాది?" అని అడిగాడు. "తలుపేస్తాను సార్" అంది ఆ పిల్ల. "వాళ్ళకు తలుపు లేదు. అందుకే మేమే పోలేదు."

కర్నూలు పాత ఊళ్ళోకి పోతే కొండారెడ్డి బురుజు కనపడుతుంది. ఊరికి గుర్తు అది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని అందులో బంధించారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్తారు. ఖైదు చేసినవాని పేరు కంటే ఖైదైనవాని పేరే బురుజుకు నిలిచింది. ఈసారి పిల్లలను బురుజు చూపించడానికి తీసుకుపోయేటప్పుడు, అక్కడే మల్లుదొర కథ చెప్పాలని, సిద్ధాపురం సెటిల్‌మెంటు గురించీ చెప్పాలని అనుకున్నాం. తోటి పంతుళ్ళకు కూడా అదే మనవి. విహారయాత్రకు పిల్లలను తీసుకుపోండి, ఎంత దూరమైనా తీసుకుపోండి. ఏం చూశారని అడగండి. ఎవరు మనల్ని చూశారని కూడా అడగండి.

మా ఇళ్ళల్లో ఇంకో పని మొదలైంది. ఆదివారం పూట మేం ముగ్గురం కలిసి మా పెద్దమ్మ దగ్గర కూర్చుని కుర్రు మాటలు రాసుకుంటున్నాం. ఆమెకు నవ్వు. "ఇన్నేళ్ళు నోరు మూసుకోమని మీరే అంటిరి, ఇప్పుడు తెరవమంటారా" అంటుంది. నోటుబుక్కు నలభై పేజీలు దాటింది. ఇల్లు బాడుగకు తీసుకున్నప్పుడు అబద్ధం చెప్పినాయన మొన్న ఇంటి యజమానికి నిజం చెప్పాడు. ఆయన ఇంకా ఏమీ అనలేదు.